నూనె మానినవాళ్లూ తగ్గారు, నూనె తాగినవాళ్లూ తగ్గారు

ఒళ్లు తగ్గడం గురించి బెజవాడలో ఎక్కడ మాట వచ్చినా రెండు పేర్లు వినపడతాయి. ఒకటి కృష్ణ కరకట్ట మీద ప్రకృతి వైద్యం చేసే మంతెన సత్యనారాయణరాజుది. ఉప్పు వద్దు, నూనె వద్దు, మొలకలు, పండ్లు, పచ్చికూరల రసాలు తీసుకోమంటారాయన. రెండోది వీరమాచనేని రామకృష్ణది. 2018 ప్రాంతంలో ఆయన డైట్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా మారుమోగింది. అన్నం, రొట్టె, పంచదార పూర్తిగా మానేసి, రోజుకు కనీసం 70 గ్రాముల కొబ్బరి నూనె లాంటి కొవ్వు తీసుకోమని ఆయన చెప్పారు. ఒకరు చుక్క నూనె వద్దంటే ఇంకొకరు నూనె తాగమన్నారు. రెండు దారుల్లోనూ జనం బరువు తగ్గారు. ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి రెండు దారుల్లోనూ చాలామంది మళ్లీ ఒళ్లు చేశారు.

ఎవరి మాట నిజం అని వాదించుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇద్దరూ తీసెయ్యమన్నవి ఏమిటో చూస్తే విషయం తేలిపోతుంది. రెండు పద్ధతుల్లోనూ మూడు పూటలా తినే తెల్లన్నం, ఇడ్లీ, దోశ తగ్గిపోతాయి లేదా పూర్తిగా పోతాయి. సాయంత్రం బజ్జీలు, పునుగులు, బేకరీ బిస్కెట్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు పోతాయి. వీటితో పాటే రోజూ ఒంట్లోకి చేరే శక్తిలో పెద్ద భాగం పోతుంది. అక్కడినుంచి శరీరం దాచుకున్న కొవ్వును తీసి వాడుకోక తప్పదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే ప్రశ్నను 609 మంది మీద ఏడాది పాటు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కొవ్వు తగ్గించి తిన్నవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించి తిన్నవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని వాళ్లే తేల్చారు. కాబట్టి ఎవరికైనా పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: ఏ మార్పునైతే ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి విసుగు లేకుండా కొనసాగించగలరు?

కొవ్వు ఎటు పోతుంది

పిండిపదార్థం అయినా మాంసకృత్తులు అయినా గ్రాముకు 4 కేలరీలు ఇస్తే, కొవ్వు 9 ఇస్తుంది. ఒంట్లో పేరుకున్న కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు దాగి ఉంటాయి. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే కిలో కొవ్వు కరగడానికి రెండు వారాలకు పైనే పడుతుందన్నమాట. వారంలో అయిదు కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు ఈ లెక్క ముందు నిలబడవు. మొదటి వారంలో కాటా రెండు మూడు కిలోలు తక్కువ చూపించడం నిజమే. అయితే అందులో ఎక్కువ భాగం నీరే. కాలేయం, కండరాలు తిన్న పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ అనే రూపంలో దాదాపు అర కిలో వరకు నిల్వ చేసుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయిపోయి నీరు వెళ్లిపోతుంది. మళ్లీ నాలుగు పూటలు కడుపునిండా అన్నం తింటే తిరిగి వచ్చేస్తుంది.

చెమట విషయమూ అంతే. మే నెలలో బెజవాడ ఎండకు పదడుగులు వేసినా చొక్కా తడిసిపోతుంది. దాన్ని చూసి కొవ్వు కరుగుతోందనుకుని నడుముకు రబ్బరు బెల్టులు బిగించుకునేవాళ్లు ఉన్నారు. చెమటలో పోయేది నీరు, ఉప్పు. కరిగిన కొవ్వు ఎక్కువగా ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. 2014లో రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టారు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో వెళ్లిపోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరుగా మారుతుంది. వేసవిలో చెమట కోసం దుప్పటి కప్పుకుని వ్యాయామం చేయడం వల్ల వడదెబ్బ ప్రమాదం తప్ప దక్కేదేమీ లేదు.

కాటా కంటే టేపు

మన శరీరాల తీరు వేరు. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, ఒక్కటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగానే ఉన్నా లోపల కొవ్వు రెండింతలు పైనే ఉందన్నమాట. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి కొలవాలి. ప్యాంటు కట్టుకునే చోటు కొలిస్తే బొజ్జ పైన మిగిలిపోతుంది.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగరు సర్వే ఇండియాబ్ ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మందికి ఊబకాయం ఉంటే, పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లు 39.5 శాతం ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. ‘కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నాయి, కాస్త పొట్ట ఒక్కటే’ అని మనం తేలిగ్గా తీసుకునే ఆ పొట్టే షుగరుకూ, బీపీకీ, కాలేయంలో కొవ్వుకూ దారి తీస్తుంది.

నెల సరుకుల చీటీలో ఉన్న లెక్క

కేలరీలు లెక్కపెట్టే ఫోన్ యాప్‌లకు గోంగూర పప్పులో ఎంత నూనె పడిందో తెలియదు. ఇంటి కిరాణా చీటీకి తెలుసు. కొలతలు పెట్టుకుని రోజూ మథనపడేకంటే నెలకు ఎంత సరుకు ఖర్చవుతోందో చూడడం తేలిక, నిజానికి దగ్గర కూడా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం లాంటివి కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అని ఉంది. ఈ అంకెల్ని నలుగురున్న ఇంటికి, నెలకు మార్చి చూద్దాం.

ముందు నూనె. 5 లీటర్ల డబ్బాలో సుమారు 4,550 గ్రాముల నూనె ఉంటుంది. నలుగురికి నెల రోజుల్లో అయిపోతే తలకు రోజుకు 38 గ్రాములు. అదే డబ్బా ఆరు వారాలు వస్తే 27 గ్రాములు. ఆవకాయ మీద తేలే నూనె, ముద్దపప్పులో నెయ్యి, బయట తినే వేపుళ్లు దీనికి అదనం. కృష్ణా, గుంటూరు జిల్లాల వంటలో నూనె పైకి తేలితేనే కూర కుదిరిందంటారు. గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు నూనెను పీల్చుకునే కూరలు. వాటిని మానక్కర్లేదు. వంకాయను ముందు ఆవిరి మీద మగ్గబెట్టి తర్వాత పోపులో వేస్తే, నేరుగా నూనెలో వేయించినప్పుడు పట్టేదాంట్లో చిన్న భాగంతోనే కూర అయిపోతుంది. డబ్బాలోంచి వంచి పోసే బదులు చెంచాతో కొలిచి పోయడం మొదలుపెడితే ఆ నెలలోనే తేడా కనిపిస్తుంది. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు మరి.

తర్వాత బియ్యం. 25 కిలోల బస్తా నలుగురికి నెలకు సరిపోతే తలకు రోజుకు 208 గ్రాములు. ఇడ్లీ రవ్వ, దోశ పిండి, ఉప్మా రవ్వ, గోధుమపిండి కలిపితే 250 దాటిపోయినట్టే. కుర్చీలో కూర్చుని పనిచేసే 55 కిలోల మహిళకు రోజంతటికీ కావలసింది 1,660 కేలరీలే కాబట్టి ఆమె విషయంలో ఈ హద్దు ఇంకా కిందికే ఉండాలి.

అన్నం ఎక్కువ కావడానికి కారణం మనవాళ్ల తిండిపోతుతనం అనడం అన్యాయం. మన భోజనం సాగే క్రమమే అలాంటిది. ఆవకాయ నెయ్యి ముద్దతో మొదలై పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు వరకు ప్రతి ఆదరువుకూ విడిగా అన్నం కలుపుకుంటాం. ప్రతిసారీ వేసుకునేది గుప్పెడే. అయిదుసార్లు 80 గ్రాముల చొప్పున వేసుకుంటే 400 గ్రాముల అన్నం, అంటే 520 కేలరీలు. అందులో పప్పు మూడు చెంచాలే ఉండొచ్చు. ఈ క్రమాన్ని చెడగొట్టకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఆ పూటకు తినాల్సిన అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకుని దాన్నే ఆదరువులకు పంచుకోవాలి. పప్పులో అన్నం కలిపేటప్పుడు అన్నం ఎంతో పప్పూ అంత ఉండాలి. కూరను నంజుకోవడానికి కాకుండా కప్పు నిండా పెట్టుకుని తినాలి. పెరుగు అన్నంతో అయినా సరే, గిన్నెలో వేసుకుని తిన్నా సరే. కొసరి కొసరి వడ్డించే చేయి కూడా అన్నం గరిటె బదులు కూర గరిటె పట్టుకుంటే ప్రేమకు లోటేమీ రాదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. అందరూ తిన్నాక చివర్లో కూర్చునే ఇల్లాలికి కూర అడుగంటి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. పిల్లలు వదిలేసింది పారేయలేక ఆమే తింటుంది. అన్నం ఎక్కువ, పప్పూ కూరా తక్కువ పడేది ఆమె కంచంలోనే. నలుగురూ కలిసి కూర్చుని తినే ఇంట్లో ఈ సమస్య సగానికి సగం తీరుతుంది.

అన్నం మానేసి రాత్రిళ్లు చపాతీ తింటున్నాం అనే మాట గుంటూరు బ్రాడీపేటలోనూ బెజవాడ పటమటలోనూ ఒకేలా వినపడుతుంది. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు 450 కేలరీల దాకా పోతాయి. అవి రెండు చిన్న కప్పుల అన్నం కంటే తక్కువేమీ కాదు. శనివారం, కార్తీక సోమవారం ఒంటిపొద్దు ఉన్నవాళ్లు రాత్రి అన్నానికి బదులు పూరీలో, నేతి ఉప్మానో తింటే మామూలు రోజుకంటే ఎక్కువే లోపలికి పోవచ్చు. కొర్రలు, సజ్జలు, జొన్నల్లో పీచు ఎక్కువ, ఆకలి తొందరగా వేయదు. అయినా వంద గ్రాముల గింజల్లో కేలరీలు బియ్యంతో దాదాపు సమానం. 2025లో వచ్చిన ఇండియాబ్ ఆహార అధ్యయనం మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని చెప్పింది. మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన ప్రయోజనం కనిపించలేదని కూడా చెప్పింది.

చీటీలో పెరగాల్సినవి పప్పులు. రోజుకు 85 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 10 కిలోలు రావాలి. కందిపప్పు, పెసలు, మినుములు, శనగలు, గుడ్లు, చేపలు, చికెన్ అన్నీ కలిపిన లెక్క ఇది. మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి, బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా కాపాడతాయి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని పోషకాహార సంస్థ చెబుతుంది. బరువు తగ్గేవాళ్లు గ్రాము దాకా తీసుకోవడం మంచిదే. ఈ ప్రాంతానికి పెసరట్టు ఉండగా ఓట్స్ కోసం వెతుక్కోవడం ఎందుకో అర్థం కాదు. 50 గ్రాముల పెసల్లో 12 గ్రాముల మాంసకృత్తులు, 175 కేలరీలు ఉంటాయి. చెంచా నూనెతో కాల్చిన పెసరట్టుకు సాటి రాగల టిఫిన్ తక్కువ. లోపల ఉప్మా పెట్టి, నెయ్యి పోసి, బెల్లం వేసిన అల్లం పచ్చడితో తిన్నప్పుడు మాత్రం అది వేరే టిఫిన్ అయిపోతుంది. మాంసాహారులు ఆదివారం ఒక్కపూటే కిలో చికెన్ వండుకునే బదులు వారమంతా రోజుకో గుడ్డు, రెండుసార్లు చేపల పులుసు పెట్టుకుంటే ఒంటికి బాగా ఉపయోగం. శీలావతి, బొచ్చె ఈ చుట్టుపక్కల దొరకని బజారు లేదు. శాకాహారులకు పెరుగు, శనగ గుగ్గిళ్లు, మీల్‌మేకర్ ఉన్నాయి.

కూరగాయలు తలకు 400 గ్రాములంటే నలుగురికి వారానికి 11 కిలోలు. రైతుబజారుకు తీసుకెళ్లే సంచి పెద్దది కావాలి.

పంచదార తలకు రోజుకు 25 గ్రాములు దాటకూడదన్న లెక్కన నలుగురికి నెలకు 3 కిలోలు, అదీ స్వీట్లు, కూల్‌డ్రింకులు అన్నీ కలిపి. రోజుకు నాలుగు కాఫీలు, టీలు రెండేసి చెంచాలతో తాగే మనిషికి ఆ ఒక్క దారిలోనే 40 గ్రాములు పడుతుంది. వేసవిలో ఇది ఇంకా పెరుగుతుంది. దాహానికి 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగితే 30 గ్రాములకు పైగా పంచదార. పల్చటి మజ్జిగలో కాస్త ఉప్పు, కరివేపాకు, అల్లం వేసుకుంటే దాహమూ తీరుతుంది, లెక్కలో చెప్పుకోదగ్గ కేలరీలూ ఉండవు.

గుంటూరులో ఇంకో నమ్మకం ఉంది, కారం తింటే కొవ్వు కరుగుతుందని. మిరపలోని క్యాప్సైసిన్ శరీరం ఖర్చుచేసే శక్తిని కాస్త పెంచుతుంది. ఆ పెరుగుదల బరువు మీద కనిపించేంత ఉండదు. పైగా కారప్పొడిలో పోసుకునే నెయ్యి, ఆ ఘాటుకు అదనంగా దిగే రెండు ముద్దల అన్నం దాన్ని ఎప్పుడో మించిపోతాయి.

ఇవన్నీ కూడితే ఏమవుతుంది? మనిషికి రోజుకు బియ్యం 208 నుంచి 150 గ్రాములకు, నూనె 38 నుంచి 27 గ్రాములకు, కాఫీ పంచదార సగానికి తగ్గితే దాదాపు 380 కేలరీలు తగ్గినట్టు. అందులో వంద కేలరీలు పప్పుకో గుడ్డుకో తిరిగి ఇచ్చేసినా నెలకు కిలో కొవ్వు కరుగుతుంది. నోరు కట్టుకుని పస్తులుండాల్సిన పని లేదు.

నడక ఏం చేస్తుంది, బస్కీలు ఏం చేస్తాయి

తెల్లవారుజామున బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో, కృష్ణా ఘాట్ల వెంట, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాళ్లను చూస్తే సంతోషమేస్తుంది. ఏళ్లుగా నడుస్తున్నా పొట్ట తగ్గలేదని వాళ్లలో చాలామంది బాధపడతారు. 70 కిలోల మనిషి ముప్పావుగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 200 కేలరీల పైచిలుకు. నడక అయ్యాక టిఫిన్ బండి దగ్గర ఒక ప్లేటు పూరీ, ఒక కాఫీ తీసుకుంటే అంతకు రెండింతలు చేరిపోతుంది. నడక గుండెకు, షుగరుకు, నిద్రకు, మనసుకు చేసే మేలు చాలా పెద్దది. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూడటంలోనూ దానిదే ముఖ్యపాత్ర. అయితే బరువు తగ్గించే పని మొత్తం దాని మీదే వేస్తే అది మోయలేదు.

మనవాళ్లు వదిలేసింది కండకు పని చెప్పే వ్యాయామం. తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే పోయిన బరువులో దాదాపు పావు భాగం కొవ్వు కాకుండా కండ, ఇతర కణజాలమే ఉంటుంది. కండ తగ్గితే శరీరం విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది. డైట్ ఆపగానే ఒళ్లు తొందరగా రావడానికి ఇదొక కారణం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమంటుంది. దీనికి జిమ్ ఫీజు కట్టక్కర్లేదు. పాతకాలం తాలింఖానాల్లో తీసిన బస్కీలు, దండీలు చాలు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. పది పన్నెండు సార్లు చేసేసరికి చివరి రెండూ కష్టంగా అనిపించాలి, అప్పుడే కండకు పని తగిలినట్టు. సులువైపోయాక రెండు లీటర్ల నీళ్ల సీసాలు చేత్తో పట్టుకుని చేయాలి. వంటింటి పనితోనే అలసిపోయే ఆడవాళ్లకు ఇది అక్కర్లేదనుకుంటారు. నడివయసు దాటాక ఎముకలు, కండ తగ్గిపోయేది వాళ్లలోనే ఎక్కువ, కాబట్టి అవసరమూ వాళ్లకే ఎక్కువ.

పొట్ట వ్యాయామాలతో పొట్ట ఒక్కటే తగ్గదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల మీద చేసిన ఒక పరిశీలనలో, రోజూ రాకెట్ పట్టే చేతికీ రెండో చేతికీ కండలో తేడా ఉన్నా చర్మం కింద కొవ్వు రెండింటిలోనూ ఒకేలా ఉంది. కొవ్వు ఎక్కడినుంచి ముందు కరగాలో శరీరమే నిర్ణయించుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరున్నర లోపు నడక ముగించాలి. అది కుదరనివాళ్లు రాత్రి భోజనం తర్వాత పావుగంట మేడమీద తిరిగినా భోజనం తర్వాత పెరిగే షుగరు తగ్గుతుంది.

ఆగిపోయినప్పుడు

మూడు నాలుగు నెలలు తగ్గి ఆ తర్వాత కాటా కదలకపోవడం దాదాపు అందరికీ ఎదురవుతుంది. ఒళ్లు తేలికైనందువల్ల దానికి కావలసిన శక్తి కూడా తగ్గిపోతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి ఇంకో డైట్‌కు మారతారు, లేదా విసిగిపోయి అంతా వదిలేస్తారు. నిజానికి ఇప్పటిదాకా చేసింది ఫలించిందనడానికి అదే గుర్తు. మళ్లీ తగ్గాలంటే చీటీని ఇంకోసారి చూడాలి. పెళ్లిళ్ల నెలల్లో, పండగల్లో ఆగితే దాన్ని ఓటమిగా తీసుకోనక్కర్లేదు. ఆ నెలల్లో బరువు పెరగకుండా ఉంటే అదే గొప్ప.

షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు. మందుల మోతాదు డాక్టరు చేత మార్పించుకున్నాకే మొదలుపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాంసకృత్తులు పెంచే ముందు అడగాలి. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నమే చేయకూడదు. 2025 నుంచి మన దేశంలో దొరుకుతున్న సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆకలిని బాగా తగ్గిస్తాయి. ఊబకాయం తీవ్రంగా ఉన్నవాళ్లకు అవి నిజంగా మేలు చేస్తాయి. అయితే తిండి తగ్గిన కొద్దీ కండ కూడా తగ్గుతుంది కాబట్టి పప్పు, గుడ్డు, బస్కీల అవసరం వాళ్లకు మరీ ఎక్కువ.

బస్కీలు మొదలుపెట్టినవాళ్లకు కొన్నాళ్లు కాటా మీద తేడా తక్కువ, టేపు మీద ఎక్కువ కనిపిస్తుంది. మూడు నెలల్లో బరువు రెండు కిలోలే తగ్గినా నడుము నాలుగు సెంటీమీటర్లు లోపలికి వెళ్లిందంటే పోయింది కొవ్వే. ఆ ఇంట్లో బియ్యం, నూనె, పప్పుల పద్దు మార్చాల్సిన అవసరం ఇంకా రాలేదు.